చెట్ల మధ్య ఇల్లు: నిశ్శబ్దం ఖరీదెంత?

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు మన పెద్దలు. ఇప్పుడు సిడ్నీలో ఉన్న మనవాళ్ళని కదిలిస్తే "పెళ్ళిదేముందండీ, నాలుగు వారాలు సెలవు పెట్టి ఊరెళ్ళి చేసుకొచ్చేశాం. ఇల్లే ఇంకా కుదర్లేదు" అంటున్నారు. పిల్లలు ఆస్ట్రేలియాలో స్థిరపడ్డ తల్లులకి ఈ మాట కొత్తేం కాదు. వారం వారం ఫోన్లో వింటున్నదే. గుంటూరులోనో, కరీంనగర్‌లోనో ఉన్న ప్లాటు అమ్మి డబ్బు పంపాలా, వద్దా అనే తర్జనభర్జన ఎన్నో ఇళ్ళల్లో నడుస్తోంది. అందుకే ఆ ఇళ్ళ సంగతేమిటో, అక్కడి బతుకేమిటో ఇక్కడి ఆడవాళ్ళకి కూడా తెలియాలి. అమ్మేది మన ప్లాటు, తీర్చేది మన పిల్లలు కదా!

2021 జనాభా లెక్కల ప్రకారం ఆస్ట్రేలియాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు అరవై వేలకు దగ్గరగా ఉన్నారు. సిడ్నీలో మనవాళ్ళు ఎక్కువగా కనిపించేది పడమటి వైపు. వెంట్‌వర్త్‌విల్, వెస్ట్‌మీడ్ లాంటి పేటల్లో కరివేపాకు దగ్గర్నుంచి ఆవకాయ కారం దాకా అన్నీ దొరుకుతాయి. ఈమధ్య కొందరి చూపు ఉత్తరాన అడవి అంచునున్న పేటల మీద పడింది. హార్న్స్‌బీ, ఆస్క్విత్, మౌంట్ కోలా, బెరోరా, ఇటు వరూంగా, టరమరా. హార్న్స్‌బీ చుట్టుపక్కల ప్రాంతాన్ని అక్కడివాళ్ళు 'బుష్‌లాండ్ షైర్' అంటారు. బుష్ అంటే పొద కాదు, అక్కడి సహజమైన అడవి. ఆ వైపు అద్దె ఇంట్లో కొన్నేళ్ళుగా కాపురం చేస్తున్నదాన్ని కాబట్టి చూసిందీ, లెక్కేసుకున్నదీ రాస్తున్నాను.

అందం మాటకొస్తే...

అందం విషయంలో వంక పెట్టడానికి లేదు. బెరోరానే తీసుకోండి. సిడ్నీ నడిబొడ్డుకి సుమారు 38 కిలోమీటర్లు. తూర్పున కురింగై చేజ్ జాతీయవనం, పడమట బెరోరా వ్యాలీ జాతీయవనం, మధ్యలో గట్టు మీద రైలుమార్గం, దానికి అటూ ఇటూ ఇళ్ళు. కురింగై చేజ్‌ని జాతీయవనంగా ప్రకటించింది 1894లో. అంటే మన కందుకూరి వీరేశలింగం గారు వితంతు వివాహాల కోసం ఇంకా పోరాడుతున్న రోజుల్లోనే అక్కడ 'ఈ అడవి జోలికెవరూ పోవద్దు' అని రాసుకున్నారన్నమాట. అంతకు వేల ఏళ్ళ ముందునుంచీ ఆ నేల అక్కడి ఆదివాసులది. ఆ వనంలో బండల మీద వాళ్ళు చెక్కిన బొమ్మలు ఇప్పటికీ ఉన్నాయి.

మన దగ్గర జామాయిల్ తోటలంటామే, ఆ చెట్లకి అక్కచెల్లెళ్ళు అక్కడ ఆకాశాన్నంటుతుంటాయి. తెల్లారేసరికి కూకబరా పిట్టలు పగలబడి నవ్వినట్టు కూస్తాయి. తెల్ల కాకటూలు గుంపులుగా దిగుతాయి. చూడ్డానికి ముచ్చటే, కానీ వరండా చెక్కల్ని కొరికి పొట్టు చేస్తాయి. బ్రష్ టర్కీ అనే పక్షి దొడ్లో ఉన్న ఆకులూ అలమలూ, మీరు వేసుకున్న కొత్తిమీర మడితో సహా కాళ్ళతో గీరి పెద్ద కుప్ప చేసి అందులో గుడ్లు పొదిగిస్తుంది. తోలడమే తప్ప పట్టడానికీ చంపడానికీ వీల్లేదు, చట్టం ఒప్పుకోదు. ఇంటికప్పులో పాసమ్ కాపురం పెట్టిందనుకోండి, అనుమతి తెచ్చుకుని పట్టించినా మళ్ళీ ఆ దగ్గర్లోనే వదలాలి. ఫనెల్ వెబ్ అనే విషపు సాలీడు అక్కడిదే. దానికి 1981లో విరుగుడు మందొచ్చాక చావులు లేవు గానీ, ఆరుబయట విప్పిన చెప్పులు దులపకుండా తొడుక్కునే ఇల్లాలు అక్కడ కనిపించదు.

ఇంకో ఆకర్షణ చదువులు. హార్న్స్‌బీ గర్ల్స్ హైస్కూలు 1930లో మొదలైన ప్రభుత్వ పాఠశాల. ప్రవేశపరీక్ష రాసి సీటు తెచ్చుకోవాలి. నార్మన్‌హర్స్ట్‌లో మగపిల్లలకి అలాంటిదే ఇంకోటి. పరీక్ష పేరు చెబితే మనవాళ్ళు ఊరుకుంటారా? ఆ సీటుకి ఆ పేటలోనే ఇల్లుండాలన్న నియమం లేకపోయినా, పిల్లకి రోజూ గంటన్నర ప్రయాణం తప్పుతుందని దగ్గర్లో ఇల్లు వెతికేవాళ్ళు చాలామంది ఉన్నారు.

ధరల సంగతి

ఇక ధర. అడవి అంచు కదా, ఊరికి దూరం కదా, చవగ్గా ఉంటుందనుకుంటాం. ఆ రోజులు పోయాయి. ఆ పేటల్లో నేల ఉన్న మామూలు ఇల్లు పది లక్షల డాలర్లు దాటి చాలా కాలమైంది. 2025లో సిడ్నీ మొత్తం మీద ఇళ్ళ మధ్యస్థ ధర 15 లక్షల డాలర్లకు పైనే. డాలరుకు 55 రూపాయలు వేసుకున్నా ఎనిమిది కోట్ల పైచిలుకు! వరూంగా, టరమరా లాంటి పాత కలవారి పేటల్లో ఇంకా ఎక్కువ.

ఎందుకింత? ఒక కారణం అప్పు. 2020 నవంబరు నుంచి 2022 మే దాకా అక్కడి రిజర్వుబ్యాంకు వడ్డీరేటు 0.10 శాతం. కోవిడ్ కాలంలో ఇంట్లోంచే ఉద్యోగం కాబట్టి ఆఫీసుకి గంట దూరమైనా ఫరవాలేదు, ఇంకో గది, కాస్త పచ్చదనం ఉంటే చాలనుకున్నారు జనం. చౌక అప్పు, చెట్ల మీద మోజు రెండూ కలిసి అంచు పేటల ధరల్ని పైకి తోశాయి. తర్వాత 2022 మే నుంచి 2023 నవంబరు లోపల పదమూడు సార్లు పెంచి రేటుని 4.35 శాతానికి తెచ్చారు. 2025లో మూడుసార్లు తగ్గించారు. పెంచినప్పుడు ఇళ్ళ ధర మొదట కొంత తగ్గినా మళ్ళీ పెరిగింది, ఇంకా తగ్గుతుందని ఎదురుచూసినవాళ్ళకి నిరాశే మిగిలింది. అమ్మేవాళ్ళు ఆగిపోయారు, అద్దెలు పెరిగాయి.

ఇది గృహిణికి ఎలా తగులుతుందో చిన్న లెక్క చూడండి. 12 లక్షల డాలర్ల అప్పు, 30 ఏళ్ళ గడువు. రెండున్నర శాతం వడ్డీ అయితే నెలకి సుమారు 4,740 డాలర్లు కట్టాలి. ఆరు శాతమైతే సుమారు 7,195. అదే ఇల్లు, అదే అప్పు, నెలకి రెండువేల నాలుగొందలకు పైగా తేడా! అది ఒకరి జీతంలోంచి రాదు. అందుకే అక్కడ ఇల్లు కొన్న రోజునుంచి ఇల్లాలి ఉద్యోగం తప్పనిసరి అవుతుంది. చంటిపిల్లని ఇంకో ఏడాది ఇంట్లో చూసుకుందామన్నా వీలుకాదు. అప్పుడు గుర్తొచ్చేది ఊళ్ళో ఉన్న అమ్మో, అత్తగారో. ఆ వాయిదాల్లో ఒక భాగాన్ని మనవల్ని పెంచుతూ వాళ్ళు కడుతున్నట్టే. ఏ బ్యాంకూ దాన్ని లెక్కలో రాసుకోదు.

ఐదు శాతం ఆశ

2025 అక్టోబరు 1 నుంచి ఆస్ట్రేలియా ప్రభుత్వం మొదటిసారి ఇల్లు కొనేవాళ్ళకి ఐదు శాతం చేతిలో ఉంటే చాలు, అప్పులో కొంత భాగానికి మేం పూచీ అంటోంది. ఆదాయ పరిమితి తీసేశారు. సిడ్నీలో 15 లక్షల డాలర్ల దాకా ఉన్న ఇంటికి ఇది వర్తిస్తుంది. పౌరులకీ, శాశ్వత నివాసం ఉన్నవాళ్ళకీ మాత్రమే. వినడానికి తియ్యగా ఉంది. 15 లక్షలకి ఐదు శాతమంటే 75 వేలే కదా!

కానీ స్టాంపు డ్యూటీ మాటేమిటి? న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో మొదటి ఇంటికి 8 లక్షల దాకా పూర్తి మినహాయింపు, 10 లక్షల దాకా కొంత తగ్గింపు. ఆ పైన ఏమీ లేదు. 15 లక్షల ఇంటికి ఆ డ్యూటీయే అరవై వేలు దాటుతుంది. లాయరు, ఇంటి తనిఖీ, సామాను తరలింపు వేరే. అంటే చేతిలో ఉండాల్సింది 75 వేలు కాదు, దానికి రెట్టింపు చేసుకుంటే తప్ప చాలదు. పైగా 95 శాతం అప్పంటే 14 లక్షల 25 వేలు. ఆరు శాతం మీద నెలకి సుమారు 8,540 డాలర్లు. పూచీ ప్రభుత్వానిదైనా వాయిదా మనదే.

ఈ తేడా పూడ్చడానికే ఊరికి ఫోన్ వస్తుంది. పంపేవాళ్ళు తెలుసుకోవాల్సింది రెండు మాటలు. ఇండియా నుంచి ఒక మనిషి ఒక ఆర్థిక సంవత్సరంలో రెండున్నర లక్షల అమెరికన్ డాలర్ల దాకా పంపవచ్చు. 2025 ఏప్రిల్ నుంచి ఏడాదికి పది లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద, అది పిల్లలకిచ్చే బహుమతి అయినా సరే, బ్యాంకు 20 శాతం టీసీఎస్ కింద పట్టుకుంటుంది. రిటర్ను వేసి లెక్క చూపుకోవచ్చు నిజమే, కానీ అప్పటిదాకా ఆ డబ్బు మన చేతిలో ఉండదు. రిటైరైన ఇంట్లో అది చిన్న సంగతి కాదు. ఉన్న ఒక్క ప్లాటు అమ్మి పంపే ముందు, మీ మందులకీ మీ మంచానికీ మిగిలిందెంతో చూసుకోండి. "వాడికి కాక ఎవరికమ్మా!" అంటారు. వాడికే. కానీ ముందు మీరు బతకాలి కదా.

ఇంకో సంగతి. తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్ళూ, చదువుకోడానికెళ్ళినవాళ్ళూ అప్పటికే కట్టి ఉన్న ఇల్లు కొనకుండా 2025 ఏప్రిల్ 1 నుంచి రెండేళ్ళ నిషేధం పెట్టారు. కాబట్టి "వీసా సంగతి తర్వాత, ముందు ఇల్లు కొనేయండి" అనే మధ్యవర్తుల మాట నమ్మి డబ్బు పంపకండి.

శనివారం సంత

అక్కడ చాలా ఇళ్ళు వేలంలో అమ్ముతారు. శనివారం వస్తే వీధి మొగలో జెండా, ఇంటిముందు జనం. వేలంపాట మనకి కొత్తా? గుళ్ళో లడ్డూ వేలం చూసినవాళ్ళమే. కాకపోతే అక్కడ పాట ఆగాక వెనక్కి తగ్గడానికి లేదు. మాట్లాడుకుని కొనే పద్ధతిలో ఐదు పనిదినాల గడువుంటుంది. ఆ లోపల మనసు మార్చుకుంటే ధరలో పావు శాతం వదులుకుని బయటపడొచ్చు. వేలంలో ఆ వెసులుబాటు లేదు. సుత్తి పడిన వెంటనే సంతకం, మామూలుగా పది శాతం బయానా.

ఆ గంటలో మనవాళ్ళు చేసే పని చూస్తే భయమేస్తుంది. పిల్లలు ఎత్తుకోమని ఏడుస్తుంటారు, ఎదుటివాడు పాట పెంచుతుంటాడు. ఇంట్లో వంద రూపాయల కూరగాయలకి బేరమాడే మనిషి అక్కడ పాతికవేల డాలర్లు ఒక్క వేలెత్తి పెంచేస్తాడు. నా స్నేహితురాలు, తెనాలి అమ్మాయి, దీనికో మంచి పని చేసింది. పై హద్దు ఎంతో ముందురోజే కాగితం మీద రాసి భర్తచేత సంతకం పెట్టించింది. హద్దు దాటగానే చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చేసింది. "వీధిలో పరువు తీశావు" అని ఆయన వారం రోజులు మాట్లాడలేదట. "నెలనెలా పోయే పరువు కంటే ఒక్కసారి పోయిందే నయం" అంటుందామె.

నిప్పుతో ఇరుగుపొరుగు

చెట్ల మధ్య ఇంటికి వేలంలో కనపడని ధర ఒకటుంది. అది నిప్పు.

ఆ జామాయిల్ జాతి ఆకుల్లో నూనె ఉంటుంది. డిసెంబరు, జనవరి అక్కడ మండువేసవి. వాయవ్యం నుంచి వడగాలి మొదలైతే లోయలోని ఎండుటాకులు చాలు, అంటుకోడానికి. మంట గట్టు ఎక్కేటప్పుడు దిగేటప్పటికంటే వేగంగా పోతుంది. ఇళ్ళన్నీ గట్టు మీదే! పైగా చాలా ఇళ్ళు తగలబడేది మంట తాకి కాదు, ముందుగా గాలికి ఎగిరొచ్చే నిప్పురవ్వల వల్ల. అవి చూరు కింద గొట్టంలో పేరుకున్న ఎండుటాకుల్లో పడితే ఇల్లు లోపల్నుంచే కాలుతుంది.

ఇవి ఊహలు కావు. 1994 జనవరిలో సిడ్నీ దక్షిణాన కోమో, జనాలీ పేటల్లో ఇళ్ళు బూడిదయ్యాయి. 2013 అక్టోబరు 17న బ్లూ మౌంటెన్స్‌లో వింమలీ, స్ప్రింగ్‌వుడ్ చుట్టుపక్కల రెండు వందల దాకా ఇళ్ళు పోయాయి. 2019–20 వేసవిలో ఒక్క న్యూ సౌత్ వేల్స్‌లోనే 2,400కు పైగా ఇళ్ళు కాలిపోయాయి. 2019 నవంబరు 12న సౌత్ టరమరాలో మంట ఇళ్ళ దాకా వస్తే విమానాలు గులాబిరంగు మందు చల్లి ఆపాయి. ఇళ్ళూ కార్లూ దొడ్లూ గులాబిరంగైపోయాయి. మనం చెప్పుకుంటున్న ఈ పేటల మధ్యలోనే అది జరిగింది.

కాబట్టి కొనే ముందు అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. అమ్మకం పత్రంతో పాటు '10.7 సర్టిఫికెట్' అని కౌన్సిల్ ఇచ్చే కాగితం ఉంటుంది. ఆ స్థలం కార్చిచ్చు ప్రమాదమున్న నేల అవునో కాదో అందులో రాసి ఉంటుంది. ఆ నేలలో కట్టేదానికి 'బాల్' అనే అంచె ఒకటి ఉంటుంది. 12.5 నుంచి 19, 29, 40, ఆపైన 'ఫ్లేమ్ జోన్' దాకా. అంకె పెరిగినకొద్దీ గాజు, తలుపు, కప్పు, వరండా అన్నీ నిప్పుకి ఆగేవే వాడాలి. ఖర్చూ పెరుగుతుంది. "ఇప్పుడు కొని, నాలుగేళ్ళకి వెనక రెండు గదులు వేసుకుందాం" అనుకునేవాళ్ళు ఆ అంకె ముందే చూడాలి. బీమా ఎంతవుతుందో ఆ ఇంటి చిరునామా చెప్పి వేలానికి ముందే కనుక్కోవాలి, సంతకమయ్యాక కాదు.

చెట్టు కొట్టేస్తే సరిపోతుందా? 2014లో అక్కడ '10/50' అని ఒక నియమం తెచ్చారు. నిర్ణయించిన ప్రాంతాల్లో ఇంటికి 10 మీటర్ల లోపు చెట్లనీ, 50 మీటర్ల లోపు పొదల్నీ అనుమతి లేకుండా తీసెయ్యొచ్చు. ఉద్దేశం మంచిదే. కానీ నిప్పు పేరు చెప్పి, దూరంగా నీళ్ళు కనపడడానికి కొందరు పెద్ద చెట్లు కొట్టేయడంతో గొడవై, కొద్ది నెలల్లోనే ఆ నియమాన్ని బిగించాల్సి వచ్చింది. చెట్ల కోసం లక్షలు పోసి రావడం, వచ్చాక చెట్లు కొట్టడం... మనిషి అక్కడైనా ఇక్కడైనా మనిషే!

అక్కడి గ్రామీణ అగ్నిమాపక దళంలో డెబ్బైవేలకు పైగా స్వచ్ఛంద సేవకులున్నారు. జీతం లేదు. ఆ దళం చెప్పేది ఒకటే: ప్రమాదం ఎక్కువ ఉన్న రోజున మంట కనపడేదాకా ఆగకండి, ముందే వెళ్ళిపొండి. ఇంటాయన ఆఫీసులో ఉంటాడు, పిల్లలు బళ్ళో ఉంటారు, ఇంట్లో ఉండేది ఇల్లాలూ, ఊరినుంచొచ్చిన పెద్దవాళ్ళూ. కారు తోలడం ఆమెకి రావాలి. పాస్‌పోర్టులూ, మందులూ, తాళిబొట్టూ ఒక సంచిలో ఉండాలి. ఎటు వెళ్ళాలో ముందే అనుకుని ఉండాలి. చాలా వీధులకి రావడానికీ పోవడానికీ ఒకటే దారి. మనకి సంక్రాంతంటే భోగిమంట. అక్కడ ఆ రోజుల్లో మంటలు నిషేధించిన రోజు పడిందంటే ఆరుబయట అగ్గిపుల్ల గీసి మంట వేస్తే నేరం. భోగిపళ్ళతోనే పండగ.

మేడలు కావాలా, చెట్లు కావాలా?

ఇప్పుడు ఆ ప్రాంతంలో జరుగుతున్న పెద్ద రగడ ఇదే. ఇళ్ళు చాలట్లేదు. అయిదేళ్ళలో, 2029 మధ్యకల్లా 3 లక్షల 77 వేల ఇళ్ళు కట్టాలని న్యూ సౌత్ వేల్స్ లక్ష్యం. అందుకని 2023 డిసెంబరులో రైల్వేస్టేషన్ల చుట్టూ అపార్ట్‌మెంట్లకి అనుమతులిచ్చే పథకం ప్రకటించారు. స్టేషనుకి 400 మీటర్ల లోపు ఆరంతస్తుల దాకా. రోజ్‌విల్, లిండ్‌ఫీల్డ్, కిలారా, గోర్డన్ స్టేషన్లు అందులో ఉన్నాయి. కురింగై కౌన్సిల్ 2024లో కోర్టుకెక్కింది. తర్వాత 2025లో తన సొంత ప్రత్యామ్నాయ పథకం తయారుచేసుకుంది. హార్న్స్‌బీ స్టేషన్ చుట్టూ ఇంకా పెద్ద మేడలకి 2024 చివర్లో దారి తెరిచారు.

వద్దనేవాళ్ళ మాట తీసెయ్యలేం. అక్కడి బ్లూగమ్ అడవి ఒకప్పుడున్నదాంట్లో మిగిలింది కొద్దిగానే. తీవ్రంగా అంతరించే ప్రమాదంలో ఉన్నదిగా దాన్ని గుర్తించారు. ఒక పెద్ద చెట్టు పెరగడానికి వందేళ్ళు, పడెయ్యడానికి ఒక పూట.

కానీ రెండో పక్షం కూడా చూడండి. ఆ రాష్ట్ర ఉత్పాదకత కమిషన్ 2024 ఫిబ్రవరిలో ఒక నివేదిక ఇచ్చింది. 2016 నుంచి 2021 లోపల 30–40 ఏళ్ళవాళ్ళు 35 వేలమంది సిడ్నీకి వస్తే, 70 వేలమంది ఊరొదిలి పోయారట. ఇలాగే సాగితే సిడ్నీ మనవలు లేని ఊరైపోతుందని హెచ్చరించింది. మనవలు లేని ఊరు! ఎంత మాట! నాలుగు గదుల ఇంట్లో ఒక్క ముసలావిడ, ఆవిడ కూతురేమో ఇల్లు దొరక్క వెయ్యి కిలోమీటర్ల అవతల. మా వీధిలోనే ఉందో పెద్దావిడ. స్టేషన్ దగ్గర చిన్న ఫ్లాటు దొరికితే ఈ ఇల్లు అమ్మి వెళ్ళిపోతానంటుంది. పెరడు ఊడవలేకపోతోంది, మెట్లెక్కలేకపోతోంది. కానీ తెలిసిన మనుషుల్నీ, తెలిసిన డాక్టర్నీ వదిలి వేరే ఊరికి పోలేదు. మేడలు కట్టొద్దన్న కాగితం మీద సంతకం పెట్టినవాళ్ళలో ఆవిడ లేదు.

నా మటుకు నాకు స్టేషన్ దగ్గర మేడలు కట్టడమే సబబు అనిపిస్తుంది. లేకపోతే కొత్త ఇళ్ళు ఎక్కడొస్తాయి? అడవి వైపే వస్తాయి, లోయ అంచున, నిప్పుకి ఇంకా దగ్గరగా. స్టేషన్ పక్కన పదంతస్తులు లేచినందువల్ల గట్టు చివర చెట్లు మిగులుతాయి. కాకపోతే కట్టేటప్పుడు ఉన్న పెద్ద చెట్లని కాపాడి, మామూలు జీతగాళ్ళకి అందుబాటులో కొన్ని ఇళ్ళయినా ఉంచాలి. అదీ డబ్బున్నవాళ్ళ పంటే అయితే చెట్టూ పోయింది, ఫలమూ దక్కలేదన్నట్టవుతుంది.

నిశ్శబ్దంలో ఆడవాళ్ళు

మా అమ్మ వచ్చిన మూడోరోజున కిటికీ దగ్గర నిలబడి, "ఏమే, ఈ ఊళ్ళో మనుషులుండరా?" అంది. ఉంటారు. ఉదయం ఏడింటికి కార్లలో పోతారు, సాయంత్రం ఆరింటికి కార్లలో వస్తారు. ఎదురుపడితే చక్కగా నవ్వుతారు. కానీ మన ఇళ్ళల్లోలా "ఏం కూర చేశావ్ వదినా?" అని గోడమీంచి అడిగేవాళ్ళు లేరు. పాల పాకెట్టు కావాలంటే ఇరవై నిమిషాల నడక, అదీ ఏటవాలు రోడ్డు. ఇండియా సరుకులకి అరగంట పైన కారు ప్రయాణం. సిడ్నీ దక్షిణాన హెలెన్స్‌బర్గ్‌లో 1985 నుంచి వెంకటేశ్వరస్వామి గుడి ఉంది. అదీ అడవి మధ్యే, చాలా బాగుంటుంది. కానీ ఉత్తరపు కొసనుంచి దక్షిణపు కొసకి పోవడమంటే ఒక పూట పని.

కొత్తగా పెళ్ళై వచ్చిన పిల్లకి ఈ నిశ్శబ్దం మొదటి నెల హనీమూను, రెండో నెల విసుగు, ఆరో నెలకి దిగులు. కారు నడపడం రాకపోతే ఆ ఇల్లు అందమైన పంజరమే. మన లైసెన్సు అక్కడ కొన్నాళ్ళే చెల్లుతుంది. తర్వాత పరీక్షా, డ్రైవింగూ రెండూ నెగ్గాలి. అందుకని నేను ఎవరు ఇల్లు వెతుకుతున్నామన్నా మొదట అడిగేది ధర కాదు, "ఇంట్లో ఇద్దరికీ కారు తోలడం వచ్చా? స్టేషన్ నడిచి పోయేంత దూరంలో ఉందా?" అని. రైలుకి నడిచి వెళ్ళగలిగిన ఇల్లాలికీ, భర్త వచ్చి తీసుకెళ్తే తప్ప కదల్లేని ఇల్లాలికీ జీవితంలో చాలా తేడా ఉంది.

అలాగని నిశ్శబ్దం అందరికీ శిక్ష కాదు. హార్న్స్‌బీ లైబ్రరీలో పిల్లల కథల సమయానికి వచ్చిన తల్లులు స్నేహితులవుతారు. అడవి దారుల్లో నడక మొదలుపెట్టి బీపీ తగ్గించుకున్నవాళ్ళున్నారు. సిడ్నీ నుంచి న్యూకాసిల్ దాకా 250 కిలోమీటర్ల కాలిబాట బెరోరా మీదుగానే పోతుంది. ఆదివారం ఆ బాటలో పులిహోర డబ్బాతో మనవాళ్ళు ఎదురైతే ఎంత సంతోషమో! ఎటొచ్చీ ఆ జీవితం తలుపు తెరుచుకుని బయటికి వెళ్ళినవాళ్ళకే దక్కుతుంది, తలుపు తట్టేవాళ్ళ కోసం ఎదురుచూస్తే కాదు.

పేరెవరిది?

చివరిగా, అసలైన మాట. అంత అప్పుకి ఇద్దరూ సంతకం పెడతారు. ఇంటి కాగితం మీద ఎవరి పేరుంది? అప్పు కాగితం మీద ఉండి, ఇంటి కాగితం మీద లేని ఇల్లాళ్ళు మనలో ఉన్నారు. "మా ఆయన పేరుంటే నాదున్నట్టే కదండీ" అంటారు. చట్టం దృష్టిలో అది అంత తేలిక కాదు. అక్కడ ఇద్దరి పేర రాయించుకోడంలో రెండు పద్ధతులున్నాయి. 'జాయింట్ టెనెంట్లు' అయితే ఒకరు పోతే ఇల్లు రెండోవాళ్ళకి నేరుగా వస్తుంది. 'టెనెంట్స్ ఇన్ కామన్' అయితే ఎవరి వాటా వాళ్ళది, పోయినవాళ్ళ వాటా విల్లు ప్రకారం పోతుంది. ఏది రాయించుకుంటున్నారో లాయరుని మీరే అడగండి, భర్తచేత అడిగించకండి.

అక్కడి కుటుంబ చట్టం 1975లోదే అయినా ఒక మంచి మాట అందులో ఉంది. విడిపోయినప్పుడు ఆస్తి పంచాల్సివస్తే, జీతం తెచ్చినదాన్నే కాక, ఇల్లు చక్కదిద్దడాన్నీ, పిల్లల్ని పెంచడాన్నీ కూడా ఇల్లాలి వంతుగా లెక్కగడతారు. 2025 జూన్ నుంచి కాపురంలో హింస ఉంటే ఆస్తి పంపకంలో దాన్నీ చూడాలని సవరణ తెచ్చారు. ఆ రోజు ఎవరికీ రాకూడదు. కానీ తెలుసుకుని ఉండటం దోషం కాదు.

పిల్లల కోసం ప్లాటు అమ్మబోయే తల్లులారా, ఫోన్లో "ఇల్లు చాలా బావుందమ్మా, చుట్టూ చెట్లే" అని విన్నప్పుడు సంతోషించండి. ఆ తర్వాత నాలుగే నాలుగు ప్రశ్నలు అడగండి. నెలకి వాయిదా ఎంత, ఒకరి ఉద్యోగం పోతే ఎన్నాళ్ళు కట్టగలరు? నిప్పొస్తే ఎటు పోతారు? కోడలికి కారు తోలడం వచ్చా? కాగితం మీద తన పేరుందా? నాలుగిటికీ తడుముకోకుండా జవాబొస్తే నిశ్చింతగా పంపండి. తడుముకుంటే ఇంకో ఏడాది ఆగమనండి. చెట్లు ఎక్కడికీ పోవు.